అగస్త్యుడి పక్కన ఒక పనిముట్టు

సంక్రాంతి నాటి రాత్రి తొమ్మిది గంటలప్పుడు ప్రొద్దుటూరు పక్కన పెన్న ఇసుకలో నిలబడి దక్షిణం వైపు చూడండి. ఎడమ చేతి వైపు ఒక పెద్ద చుక్క, కుడి చేతి వైపు అంతకన్నా కాస్త కిందుగా ఇంకో పెద్ద చుక్క కనిపిస్తాయి. ఎడమది మన పంచాంగాలు ఉదయాస్తమయాలు లెక్కగట్టే అగస్త్య నక్షత్రం. కుడిది అకెర్నార్. ఈ రెంటికీ సరిగ్గా నడుమ, నేల అంచుకు పదమూడు డిగ్రీల లోపు ఎత్తులో, మసక మసకగా మూడు నాలుగు చుక్కలుంటాయి. చేయి చాపి పిడికిలి బిగించి దిగంతం మీద ఆనిస్తే ఆ పిడికిలికి కొంచెం పైన అన్నమాట. వాటిలో రెండే కంటికి ఆనుతాయి. ఎర్రగుంట్ల వైపు ఫ్యాక్టరీ దీపాలు జోరుగా వెలిగే రోజున ఆ రెండూ కూడా అనుమానమే. ఈ చుక్కల గుంపు పేరు రెటిక్యులం.

ఆకాశాన్ని ఖగోళ శాస్త్రం 88 నక్షత్ర మండలాలుగా పంచింది. విస్తీర్ణంలో రెటిక్యులం 82వది, 114 చదరపు డిగ్రీలు. దీనికి పురాణం లేదు, దేవుడు లేడు, శాపగ్రస్తుడైన రాజకుమారుడూ లేడు. గ్రీకులకు ఇది కనిపించలేదు. మన ఇరవై ఏడు నక్షత్రాల దారికి ఇది చాలా దూరం. ఢిల్లీ వాళ్లకు దీని ప్రధాన నక్షత్రం ఎప్పుడూ ఉదయించదు కూడా. కడప జిల్లా దక్షిణాదిలో ఉండబట్టి మనకీ భాగ్యం. లెక్క తేలికే. ఆల్ఫా రెటిక్యులి అనే ఆ ప్రధాన నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 62.5 డిగ్రీల దూరంలో ఉంది. తొంభైలోంచి ఆ అరవై రెండున్నరనూ, మన ఊరి అక్షాంశాన్నీ తీసేస్తే మిగిలేదే అది ఎక్కగల గరిష్ఠ ఎత్తు. జమ్మలమడుగులో చూసినవాడు పులివెందులకు వెళ్లి చూస్తే, ఆ కాస్త దక్షిణానికి జరిగినందుకే చుక్క దాదాపు నిండు చంద్రుడి వెడల్పంత పైకి లేస్తుంది. నక్షత్రాల ఎత్తును బట్టి భూమి మీద చోటు కట్టే విద్యకు ఇదే పునాది.

చూడ్డానికి ఇంత పేలవంగా ఉన్న మండలం గురించి ఎందుకు రాస్తున్నానంటే, ఆకాశంలో నాకు తెలిసినంతలో ఇంత నిజాయితీగా పెట్టిన పేరు ఇంకోటి లేదు. దీన్ని పెట్టినవాడు తన చేతిలోని పనిముట్టునే అక్కడ పెట్టాడు. ఆ పనిముట్టు ఎలా పనిచేస్తుందో ఒకసారి బోధపడితే మెచ్చుకోకుండా ఉండలేం.

ఆయన పేరు నికొలా లూయి ద లకాయ్. 1713లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. మతవిద్య చదివాడు గానీ మనసు లెక్కల మీద. 1751 ఏప్రిల్‌లో ఓడ దిగి ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ టౌన్ చేరాడు. పని చాలా పెట్టుకుని వెళ్లాడు. చంద్రుడి దూరం, అంగారకుడి దూరం తేల్చాలి. అందుకోసం అదే సమయంలో బెర్లిన్‌లో లలాండ్ అనే కుర్రవాడు అదే చంద్రుణ్ణి కొలుస్తున్నాడు. దక్షిణార్ధ గోళంలో భూమి వంపును కొలవాలి. వీటన్నిటితో పాటు, దక్షిణాకాశంలో నక్షత్రాలన్నిటికీ చోట్లు కట్టాలి. ఆ చివరి పనే మన కథ.

ఆ పనికి ఆయన వాడిన దూరదర్శిని ఎంతదనుకున్నారు? పొడుగు డెబ్బై సెంటీమీటర్లు. కటకం వెడల్పు అర అంగుళం. పెద్దది చేసి చూపేది ఎనిమిది రెట్లు. ఇవాళ జాతరలో పిల్లలకు అమ్మే బైనాక్యులర్ కటకం కూడా దీనికన్నా పెద్దదే. దాన్ని ఉత్తర దక్షిణ రేఖలో ఉన్న గోడ పరికరానికి కదలకుండా బిగించాడు. చుక్క వెంట దూరదర్శినిని తిప్పడం లేదు. భూమి తిరుగుతుంది కనుక చుక్కలే వరసగా దాని ముందు నుంచి నడిచి పోతాయి. కూర్చున్న చోటి నుంచి లేవకుండా ఆకాశాన్ని తన దగ్గరికి రప్పించుకున్నాడన్నమాట.

ఇక అసలు పనితనం. దూరదర్శిని లోపల, బొమ్మ ఏర్పడే చోట, ఒక సమచతుర్భుజపు చట్రాన్ని అమర్చాడు. పేకముక్కల్లో డైమండ్ గుర్తు ఉంటుందే, ఆ ఆకారం. ఫ్రెంచిలో దాన్ని రెటిక్యూల్ అన్నారు. చుక్క ఒక అంచు దగ్గర చట్రంలోకి ప్రవేశిస్తుంది, ఎదుటి అంచు దగ్గర బయటికి పోతుంది. చూసేవాడు చేయాల్సిందల్లా పక్కన గడియారం టిక్కులు చెవితో లెక్కపెట్టుకుంటూ ప్రవేశించిన సమయం ఒకటి, వెళ్లిన సమయం ఒకటి రాసుకోవడం. రెండే అంకెలు. నక్షత్రం తూర్పు పడమరల్లో ఎక్కడుందో, ఉత్తర దక్షిణాల్లో ఎక్కడుందో ఆ రెండు అంకెల్లోంచే తీయాలి. ఎలా?

డైమండ్‌ను నిలువుగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. పై కొస ఉత్తరం, కింది కొస దక్షిణం. చుక్కలు అడ్డంగా నడుస్తాయి. డైమండ్ రెండు పక్కలూ సమానం కనుక చుక్క లోపలికి వచ్చిన క్షణానికీ బయటికి పోయిన క్షణానికీ సరిగ్గా మధ్య క్షణంలో అది నడుమ నిలువు గీత మీద ఉంటుంది. నిజానికి అక్కడ గీత అంటూ ఏదీ గీయక్కర లేదు, రెండు సమయాల సగటే ఆ గీత. దాంతో తూర్పు పడమరల చోటు తేలిపోయింది. ఇక ఎత్తు. డైమండ్ నడుమ వెడల్పుగా ఉంటుంది, కొసలకు పోయే కొద్దీ సన్నబడుతుంది. నడుమ నుంచి పోయే చుక్కకు దాటడానికి ఎక్కువసేపు పడుతుంది, కొస దగ్గర పోయేదానికి చిటికెలో అయిపోతుంది. అంటే దాటడానికి పట్టిన సమయమే ఆ చుక్క కొస నుంచి ఎంత దూరంలో ఉందో చెబుతుంది.

ఇక్కడ ఇంకో చిన్న చమత్కారం ఉంది, ఈ రకం చట్రాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది. డైమండ్ పొడుగు కర్ణం పొట్టి కర్ణానికి సరిగ్గా రెట్టింపు ఉండేట్టు కోస్తే, ఏ ఎత్తులోనైనా చట్రం అడ్డ వెడల్పు, అక్కడి నుంచి కొసకు ఉన్న దూరం సమానంగా ఉంటాయి. కాగితం మీద గీసి చూసుకోండి, తేలిపోతుంది. అంటే సమయాన్ని కోణంగా మారిస్తే అదే దూరం. మధ్యలో పట్టికలు అక్కర లేదు, గుణకాలు అక్కర లేదు. ఉదాహరణకు అరవై డిగ్రీల దక్షిణాన ఉన్న ఒక చుక్క తీసుకుందాం. ఖగోళ మధ్యరేఖ దగ్గర ఆకాశం సెకనుకు పదిహేను ఆర్క్ సెకన్లు జరుగుతుంది. అరవై దగ్గర అందులో సగం, ఏడున్నర. చుక్క చట్రం దాటడానికి నాలుగు నిమిషాలు పట్టిందనుకోండి. 240 సెకన్లను ఏడున్నరతో గుణిస్తే 1800 ఆర్క్ సెకన్లు, అంటే అర డిగ్రీ. చుక్క కొసకు అర డిగ్రీ దూరంలో ఉంది. అంతే, పని అయిపోయింది. పై కొసకా కింది కొసకా అన్నది కన్ను చూస్తూనే ఉంది కదా.

దీనికి ఇంకో సుగుణం ఉంది, రాత్రిపూట పనిచేసేవాడికే దాని విలువ తెలుస్తుంది. సాలెపట్టు దారంతో గీతలు కట్టిన దూరదర్శినిలో ఆ దారం కనబడాలంటే లోపలికి కాస్త దీపం వెలుగు పంపాలి. ఆ వెలుగు పడగానే మసక చుక్కలు మాయమవుతాయి. డైమండ్ చట్రానికి ఆ బాధ లేదు. మందమైన అంచు వెనక్కి చుక్క పోయి మాయమవుతుంది, ఇటు పక్క మళ్లీ వెలుగుతుంది. చీకట్లో చీకటి అంచు కనిపించాల్సిన పని లేదు. చుక్క ఆరిపోయిన క్షణం చాలు. అర అంగుళం కటకంతో దాదాపు పదివేల నక్షత్రాలు పట్టగలగడానికి ఇదొక కారణం.

పదివేలన్నది అతిశయోక్తి కాదు. 1751 ఆగస్టు నుంచి 1752 జులై దాకా, ఎనిమిదేసి గంటల విడతలు 110, పూర్తి రాత్రులు ఇంకో పదహారు. అంతలో దాదాపు పదివేల నక్షత్రాలకు సమయాలు రాసుకున్నాడు. రాత్రిని పది గంటలనుకుని సగటు తీస్తే గంటకు తొమ్మిదో పదో చుక్కలు, ఒక్కోదానికి రెండేసి సమయాలు. వినడానికి తీరికగానే అనిపిస్తుంది. కానీ ఆకాశం సగటు ప్రకారం నడవదు. పాలపుంత చట్రంలోకి వచ్చినప్పుడు ఒకేసారి అరడజను చుక్కలు లోపలుంటాయి. ఒకటి ప్రవేశిస్తుంటే ఇంకోటి పోతుంటుంది, టిక్కులు ఆగవు. ఏది ఏ వైపు నుంచి పోయిందో తడబడితే ఆ రాసినదంతా వృథా. ఇది మేధావితనం కన్నా ఎక్కువగా చేతి క్రమశిక్షణ. ఒకే పనిని ఏడాది పాటు అదే జాగ్రత్తతో చేయగలవాళ్లే ఇలాంటివి పూర్తిచేస్తారు.

పారిస్‌కు 1754లో తిరిగొచ్చాక దక్షిణాకాశపు పటం గీసి అక్కడి శాస్త్ర అకాడెమీకి సమర్పించాడు. అందులో పద్నాలుగు కొత్త మండలాలున్నాయి. పేర్లు చూడండి: దూరదర్శిని, సూక్ష్మదర్శిని, లోలకపు గడియారం, వృత్తలేఖిని, మూలమట్టం, గాలి పంపు, రసాయన కొలిమి, శిల్పి పనిశాల, చిత్రకారుడి చట్రం, ఉలి, ఓడ దిక్సూచి, అష్టకం. పద్నాలుగింటిలో ఒక్కటి మాత్రం కొండ, కేప్ టౌన్ మీదికి వాలి ఉండే టేబుల్ మౌంటెన్. మిగిలిన ఒకటి ఆయన రెటిక్యూల్. తన నక్షత్రాల పట్టిక తయారు చేయడానికి ఉపయోగపడిన చిన్న పరికరం ఇదని ఆయనే చెప్పాడు. తర్వాత లాటిన్‌లో అది రెటిక్యులం అయింది. లకాయ్ 1762లో చనిపోయాడు. నక్షత్రాల పట్టిక మరుసటి ఏడు అచ్చయింది, అందులో 1942 నక్షత్రాలే ఉన్నాయి. మొత్తం 9766 నక్షత్రాల లెక్కలు పూర్తిచేసి అచ్చు వేయించడానికి ఇంగ్లండులో 1847 దాకా పట్టింది. ఆయన రాసిపెట్టిన సమయాలు దాదాపు వందేళ్లు అలాగే ఎదురుచూశాయి, అయినా పనికొచ్చాయి. శుభ్రంగా రాసిన చిట్టా గొప్ప అది.

ఈ పేర్లను ఎగతాళి చేసినవాళ్లు లేకపోలేదు. సింహాలూ వేటగాళ్లూ ఉండే చోట గాలి పంపులేంటని. వాళ్ల మాటలోనూ కొంత న్యాయం ఉంది. అంట్లియా అనే ఆ గాలి పంపు మండలంలో చూపించడానికి పట్టుమని నాలుగు చుక్కల్లేవు. అయినా నేను లకాయ్ పక్షమే. అంతకు ముందు ఇంగ్లండు నుంచి ఖగోళ శాస్త్రవేత్త హేలీ సెంట్ హెలీనా దీవికి వెళ్లి దక్షిణాకాశాన్ని కొలిచినప్పుడు, తన రాజు చార్లెస్ ప్రాణం కాపాడుకోవడానికి దాక్కున్న ఓక్ చెట్టును ఒక మండలంగా పెట్టాడు. రాజుగారి మెప్పు కోసం పెట్టిన చెట్టది. లకాయ్ తన పటంలోంచి దాన్ని కొట్టేశాడు. రాజుల్ని తీసి పనిముట్లను పెట్టాడు. ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో దసరా ఎంత వైభవంగా జరిగినా, ఆయుధ పూజ నాడు మాత్రం ఊళ్లో ప్రతి ఆచారీ తన త్రాసుకూ పట్టకారుకూ, జమ్మలమడుగులో నేతగాడు తన మగ్గానికీ బొట్టు పెట్టి దండం పెట్టుకుంటారు కదా. లకాయ్ చేసింది కూడా అదే, కాకపోతే బొట్టు పెట్టిన చోటు ఆకాశం.

అయితే లకాయ్ కన్నా ముందు కూడా ఆకాశంలో ఆ చోటు పూర్తిగా ఖాళీగా లేదు. స్ట్రాస్‌బర్గ్‌లో ఐజాక్ హాబ్రెక్ట్ అనే ఆయన 1621 నాటి తన గోళం మీద ఆ చుట్టుపక్కలే రాంబస్ అనే మండలాన్ని గీశాడు. లకాయ్ దాన్నే తీసుకుని పేరు మార్చాడని చాలామంది రాస్తుంటారు. ఆకారం కలిసింది నిజమే, కానీ హాబ్రెక్ట్‌ది ఒట్టి బొమ్మ. లకాయ్‌ది కొలిచిన పరికరం. పోలిక అక్కడితో ఆగిపోతుంది. 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘం మండలాల సంఖ్యను 88కి ఖాయం చేసినప్పుడు లకాయ్ పద్నాలుగూ నిలిచాయి. వేరే వాళ్లు పెట్టిన పిల్లి, బెలూను, విద్యుత్ యంత్రం లాంటివి రాలిపోయాయి.

ఇప్పుడు మన వైపు వద్దాం. రెటిక్యులంలో ఒక చుక్కకు ఆర్ రెటిక్యులి అని పేరు. దాని వెనుక మద్రాసు ఉంది. మద్రాసు వేధశాలకు 1786లో ఈస్టిండియా కంపెనీ అధికారి విలియం పెట్రీ సొంత ఖర్చుతో నాంది పలికితే, తర్వాత కంపెనీ దాన్ని తీసుకుని 1792లో నుంగంబాక్కంలో భవనం కట్టింది. అక్కడి గ్రానైటు స్తంభం ఇప్పటికీ ఉంది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలో, తెలుగులో కూడా శాసనం చెక్కించారు. రాబోయే తరాలకు ఈ శాస్త్రం ఇక్కడ ఎప్పుడు నాటుకుందో తెలియాలని. మన భాషలో ఆధునిక ఖగోళ శాస్త్రం గురించి రాయి మీద చెక్కిన మాటలు అంతకన్నా పాతవి నేనెక్కడా చూడలేదు. ఆ వేధశాలలో శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో తన ఇంటి దగ్గరే సొంత వేధశాల కట్టుకున్నాడు. అది వేరే కథ.

మద్రాసులో చింతామణి రఘునాథాచారి అనే ఆయన చిన్న వయసులోనే ఉద్యోగంలో చేరి జీవితమంతా అక్కడే గడిపాడు. ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పోగ్సన్ కింద ముఖ్య సహాయకుడయ్యాడు. ఆయన రోజువారీ పని లకాయ్ పనికి చుట్టమే. 1862 నుంచి అక్కడ ఒక కొత్త మెరిడియన్ వలయ పరికరం పనిచేసింది. చుక్క నడుమ గీత దాటే క్షణాన్ని రాయడం, ఎత్తు చదవడం, తర్వాతి చుక్క కోసం కాచుకోవడం. ఏళ్ల తరబడి. అలా నిత్యం చూసే చుక్కల్లో ఒకటి అంతకు ముందున్నంత వెలుగుతో లేదని గమనించేవాడే వెలుగు మారే చర నక్షత్రాన్ని పట్టగలడు. 1867లో రెటిక్యులంలో ఆయన పట్టిన అలాంటి చుక్కే ఆర్ రెటిక్యులి. మద్రాసు నుంచి చూస్తే అది దిగంతానికి పద్నాలుగు డిగ్రీల కన్నా పైకి రాదు. సముద్రపు తేమలోంచి, గాలి మందంలోంచి చూడాల్సిన చోటు. ఆ ఎత్తులో ప్రతి చుక్కా కాస్త మిణుకుతుంది, కాస్త మసకేస్తుంది. గాలి వల్ల వచ్చిన మసకేదో చుక్కలోనే వచ్చిన మసకేదో వేరుచేయడం అనుభవం మీద పని. ఇలాంటి ఆవిష్కారం భారతీయుడి పేరు మీద నమోదు కావడం అదే మొదలంటారు.

ఆ ఆర్ అక్షరం ఎందుకంటే, జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఆర్గెలాండర్ ఒక పద్ధతి పెట్టాడు. ఒక మండలంలో మొదట దొరికిన చర నక్షత్రానికి పాత పటాల్లో వాడిన అక్షరాలు తగలకుండా ఆర్ నుంచి మొదలుపెట్టాలి. అందుకే మండలం చిన్నదైనా పెద్దదైనా ఆర్ అన్నది సాధారణంగా అక్కడ మొదట దొరికినదనడానికి గుర్తు. రెటిక్యులంలో ఆ మొదటి అక్షరం రఘునాథాచారి దక్కించుకున్నాడు.

ఆయన పని అంతటితో ఆగలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా పోయింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు, పోగ్సన్ మచిలీపట్నానికి వస్తే, రఘునాథాచారి వనపర్తికి వెళ్లాడు. 1874 శుక్ర సంక్రమణం గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా అనేక భారతీయ భాషల్లో చిన్న పుస్తకం వేయించాడు. దృగ్గణిత పంచాంగం తీసుకొచ్చాడు, అంటే పాత సూత్రాలను పట్టుకు వేలాడకుండా కంటికి కనిపించే ఆకాశంతో లెక్క సరిపోవాలన్న పంచాంగం. పంచాంగ కర్తలతో ఆ రోజుల్లో ఇదెంత గొడవో ఊహించుకోవచ్చు, ఇవాళ్టికీ అది తేలలేదు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. 1880లో చనిపోయాడు.

రెటిక్యులంలో ఒక జంట చుక్క కూడా ఉంది, జీటా రెటిక్యులి. ముప్పై తొమ్మిది కాంతి సంవత్సరాల దూరంలో అచ్చం మన సూర్యుడి లాంటి రెండు నక్షత్రాలు. 1961లో తమను గ్రహాంతర వాసులు ఎత్తుకుపోయారని చెప్పిన ఒక అమెరికన్ జంట కథతో ఈ జీటాకు లేనిపోని కీర్తి వచ్చింది. ఆ కీర్తిలో పదో వంతు రఘునాథాచారి చుక్కకు రాలేదు.

ఆయన చుక్క చూడాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఆర్ రెటిక్యులి ఎర్రటి ముసలి నక్షత్రం, ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బి తగ్గుతుంటుంది. దాని చుట్టు 278 రోజులు. చుక్కల వెలుగును కొలిచే తరగతుల్లో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు; ఇది బాగా వెలిగినప్పుడు ఆరున్నర తరగతి దాకా వస్తుంది, ఆరినప్పుడు పద్నాలుగు దాకా పోతుంది. రెంటికీ మధ్య తేడా వెయ్యి రెట్ల పైమాటే. వెలుగులో ఉన్నప్పుడు కూడా మామూలు కంటికి అందదు, బైనాక్యులర్ కావాలి. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి జనవరిలో ఆకాశం తేటపడుతుంది కనుక అప్పుడే అదను. గండికోట దగ్గరో, పులివెందుల దాటి వీధి దీపాల్లేని చేల గట్ల మీదో, దక్షిణం వైపు అడ్డు లేని చోటు ఎంచుకోండి. ఆల్ఫా నుంచి తూర్పుగా, అంటే ఎడమ వైపు, రెండు డిగ్రీల కన్నా కాస్త ఎక్కువ దూరంలో వెతకండి.

ఏ ఏడు చూడాలన్నది లెక్క వేసుకోవాలి. నాలుగు చుట్లు కలిపితే 1112 రోజులు, మూడేళ్లకు పదహారు రోజులు ఎక్కువ. కాబట్టి ఒక సంక్రాంతికి అది నిండుగా వెలిగి కనిపించిందంటే తర్వాతి రెండు సంక్రాంతులకూ నిరాశే. మూడో ఏడు జనవరి నెలాఖరుకు మళ్లీ వెలుగుతుంది. అప్పటికి రెటిక్యులం నడిమింటికి వచ్చే వేళ తొమ్మిది కాదు, ఎనిమిది.